మూసిన ఇంటికి పిడికెడు బియ్యం

కుప్పం నుంచి అక్క బీనా పంపిన వాయిస్ మెసేజీ వచ్చేటప్పటికి లిడియా పొయ్యి దగ్గర బియ్యం కొలుస్తోంది. ఫోను గట్టు మీద ఆనించి, వింటూనే కొలిచింది.

"లిడియా, ఈడ అంగళ్ళలో ఉప్పు కూడా లేదే. సోమవారం నుంచి లారీలు నిలిసిపోతాయంట. నెలైనా కదలవంట. శాంతిపురంలో అంగడికాడ జనాలు కొట్టుకున్నారంట. ఏం కావాల్నో బిరీన కొని పెట్టుకో. తర్వాత నన్ను అడిగితే నాకాడ కూడా ఉండదు సూడు."

పుంగనూరు చర్చి వీధిలో ఏ ఇంట్లోనైనా వంటకు బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి చర్చికి తీసుకుపోతారు. అన్ని ఇళ్ళ బియ్యమూ అక్కడ ఒకే డ్రమ్ములో పడతాయి. నెలాఖరున స్త్రీల సమాజం వాళ్ళు వాటిని ఇంట్లో లేనివాళ్ళకు పంచుతారు. ఎవరు ఎంత పోశారో ఎవరూ అడగరు. డ్రమ్ము ఉన్న గది తాళంచెవి లిడియా దగ్గర ఉంటుంది. చేతివాటం లేని మనిషని అందరూ కలిసి ఆమెకిచ్చారు.

ఆ పూట కూడా లిడియా చెయ్యి అలవాటుగా గిన్నెలో దూరి పిడికెడు బియ్యం తీసింది. డబ్బా దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. పిడికిలి వెనక్కి వచ్చి గిన్నెలోనే తెరుచుకుంది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకుంది గాని, ఎసరు కాగినంతసేపూ ఆ డబ్బా వైపు చూడలేదు.

ఆమె భర్త శాలేము రాజు మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి చెన్నైకి టమోటా వ్యాను తోలుతాడు. సమ్మె సంగతి తేలేదాకా బండి కదిలించవద్దని ఓనరు చెప్పడంతో ఇంట్లోనే ఉన్నాడు. లుంగీ ఎగగట్టి, గడపలో కూచొని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు.

"లారీలోళ్ళ సంగతి నాకు తెల్దా? రెండు దినాలు అరుస్తారు, మూడో దినం బండి తీస్తారు. యార్డులో టమోటా కుళ్ళిపోతాంటే ఎవురు ఊరుకుంటారు మే?"

"బీనక్క అబద్దం చెప్తాదా?"

"చెప్పదు. ఎవురో చెప్పిన అబద్దాన్ని నిజంగా చెప్తాది."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని లిడియా గొణుక్కుంది. వండింది అతనికి పెట్టి, తాను మాత్రం సరిగా తినలేదు. కరోనా ఏడాది గంజిలో మెతుకులు వెతుక్కున్న రోజులు ఆమె కడుపుకు ఇంకా గుర్తున్నాయి. నోటికి ధైర్యం చెప్పవచ్చుగాని, కడుపుకు ఎవరు చెప్తారు.

గురువారం పొద్దున్నే మదనపల్లె బస్సెక్కింది. అక్కడ హోల్‌సేలు అంగళ్ళ ముందర జనం పందిరికింద పెళ్ళిభోజనాలకు తోసుకున్నట్టు తోసుకుంటున్నారు. మనిషికి ఒక బియ్యం మూటే ఇస్తామని అంగళ్ళవాళ్ళు అరుస్తున్నారు. లిడియా ఒక అంగట్లో ఒక మూట తీసుకుంది. దాన్ని ఒక సరుకు ఆటోలో పెట్టించి, ఇంకో అంగడికి పోయి ఇంకోటి తీసుకుంది. చివరకు సాయిప్రసాద్ అంగడికి వచ్చింది. క్రిస్మసుకు పేదలకు పంచే సరుకులన్నీ స్త్రీల సమాజం తరపున ఆమె ఏటా అక్కడే కొంటుంది. గుంపులో ఆమెను చూడగానే సాయిప్రసాద్ గల్లా దగ్గర నుంచి లేచాడు.

"రండమ్మా. ఈ గలాటాలో కూడా పేదోళ్ళ కోసం వచ్చినారే, మీరు గొప్పోళ్ళు. చర్చికే కదా?"

లిడియా నోరు తెరిచింది. కాదు అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. వెనకనుంచి ఎవరో భుజం తోశారు.

"ఊ" అంది.

"ఒరేయ్, అమ్మకు రెండు మూటలు వెయ్యండ్రా. నూనె, పప్పు ఏం కావాల్నో అడగండి. మనకు కూడా పుణ్యం."

ఆ రెండు మూటలూ వేశాక, ఆమె వెనక నిలబడ్డ మనిషికి బియ్యం లేవన్నారు. యార్డులో బుట్టలు మోసేవాడిలా ఉన్నాడు, చొక్కా భుజాలు టమోటా రసంతో ఎండి అట్టకట్టాయి. చేతిలో మడిచిన గుడ్డసంచి ఉంది. వాడు తగాదా పడలేదు. సంచిని ఇంకో మడత మడిచి చంకలో పెట్టుకొని, పక్కకు తప్పుకొని ఆమె మూటలకు దారి ఇచ్చాడు. లిడియా కొంగు నెత్తిమీదికి లాక్కొని గబగబా ఆటో ఎక్కింది. అంగళ్ళు దాటేదాకా తల తిప్పలేదు.

మిట్టమధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళకు ఆటోను పెరటి సందులోకి పెట్టించి సరుకు దింపించింది. బియ్యం, కందిపప్పు, రాగులు, నూనె, ఉప్పు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, జ్వరం మాత్రలు. నడిమింట్లో మంచం ఎత్తి గోడకు నిలబెడితేగాని అవి పట్టలేదు.

"పెండ్లి ఎవురికి మే?" అన్నాడు శాలేము రాజు.

ఆమె కిటికీలు మూసింది. వీధి తలుపుకు బయట తాళం వేసి, పెరటి వాకిలి నుంచి లోపలికి వచ్చింది. ఉన్నదని తెలిస్తే వీధి వీధంతా చెంబులు పట్టుకొని వస్తుందని ఆమె భయం. కందిపప్పు మిద్దెమీద ఎండబెడితే కనపడుతుంది కాబట్టి, నడిమింట్లోనే చాప పరిచి ఫ్యాను కింద ఆరబోసింది. అరచేతుల్లో ఆముదం పోసుకొని, పప్పును పిడికిళ్ళతో ఎత్తి రుద్ది, పురుగు పట్టకుండా గింజగింజకూ నూనె అంటేలా కలిపింది. బియ్యం మూటల మధ్య ఎండు వేపాకు దూర్చింది. పని చేస్తున్నంతసేపూ ప్రాణం హాయిగా ఉంది. ఎత్తిన మూటల వరసను చూస్తే గుండెలో దడ తగ్గింది. ఆ సంగతి ఆమెకే కొంచెం సిగ్గనిపించింది.

పెరటి వాకిట్లో పిలుపు వినపడింది. పక్కింటి సుమలత, చేతిలో స్టీలు గ్లాసుతో.

లిడియా తలుపు ముఖం పట్టేంతే తెరిచి, ఆముదం చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఒక గ్లాసు కందిపప్పు ఉంటే ఇస్తావేమో అని వచ్చినా లిడియా. అంగడంతా తిరిగినా, యాడా లేదంట."

"లేదక్కా. మేమూ సంగటే తింటాండాము, మిరక్కాయల ఊరిబిండి యేసుకోని."

"రాజన్న బండి నిలబెట్టేసినారంట కదా?"

"అవునక్కా."

సుమలత ఆమె ముఖంకేసి ఒక క్షణం చూసింది. "సరేలే మా. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు" అని, ఖాళీ గ్లాసును కొంగుకింద దాచుకొని వెళ్ళిపోయింది. అబద్ధం అబద్ధంగా మిగలకూడదని లిడియా ఆ పూట నిజంగానే రాగి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరింది. పోపు వేస్తే వాసన గోడ దాటుతుంది. ఇంట్లో అన్ని మూటలు పెట్టుకొని ఊరిబిండి తినాల్సి వచ్చినందుకు శాలేము రాజు నవ్వాడు, రెండో రోజు విసుక్కున్నాడు, మూడో రోజు మాట్లాడకుండా తిన్నాడు.

శనివారం చర్చి ఊడ్చే వంతు లిడియాది. ఊడ్చి, బెంచీలు తుడిచి, వెనక గది తాళం తీసింది. డ్రమ్ము మూత ఎత్తింది. ముప్పాతిక నిండి ఉంది. లావు రేషను బియ్యం, సన్న బియ్యం, కాస్త ఎర్రబారినవి, పాతవి, కొత్తవి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పంచడానికి ఇంకా వారం పైన ఉంది. ఈలోగా ఎవరైనా తాళం పగలగొడితే? శాంతిపురంలో కొట్టుకున్నారంట కదా. ఇంట్లో పెడితే భద్రంగా ఉంటుంది, పంచే రోజుకు తెచ్చేస్తే సరిపోతుంది. ఇలా తనకు తానే చెప్పుకుంటూ రెండు గోతాముల్లోకి చేటతో తోడింది. భద్రం కోసమే అయితే అడుగుదాకా ఎందుకు ఊడ్చి తీసుకున్నట్టో ఆమె తనను తాను అడగలేదు.

చర్చి వెనక మెట్లమీద యశోదమ్మ కూచొని చింతపండు గింజలు తీస్తోంది. ఒకప్పుడు టమోటా మండీలో కాయలు ఏరేది. ఇప్పుడు మోకాళ్ళు పనికి రాక మానుకుంది. నోరు మాత్రం ఇంకా పనికి వస్తుంది. నెలనెలా డ్రమ్ము బియ్యం తీసుకునేవాళ్ళలో ఆమె ఒకరు. అయినా తన పొయ్యి దగ్గరా ఒక డబ్బా ఉంది, ఆదివారం చిన్న మూట తెస్తుంది. తీసుకునేదానివి మళ్ళీ పోసేదెందుకని ఎవరైనా అంటే, "మీ మూటలకు తోడు కావద్దా?" అంటుంది.

"చెరిగేదానికా అమ్మా?" అంది గోతాములు చూసి.

"ఊ" అంది లిడియా. నెలకోసారి బియ్యం ఇంటికి తీసుకుపోయి చెరిగి తేవడం మామూలే. అందుకే ఆ మాట సులువుగా వచ్చింది.

ఆదివారం మూటలు చిక్కిపోయి వచ్చాయి. పోయిన వారం కొబ్బరికాయంత ఉన్నవి ఈ వారం నిమ్మకాయంత అయ్యాయి. ఎవరూ ఎవరి మూట వైపూ చూడలేదు. పాస్టరు సొలొమోను అయ్యగారు భయపడవద్దని ప్రసంగం చేస్తే అందరూ తలలూపారు. ఆరాధన అయ్యాక లిడియా ఆ బియ్యాన్ని డ్రమ్ములో పోసినప్పుడు, ఖాళీ డ్రమ్ము అడుగు వడగండ్లు పడ్డ రేకుల షెడ్డులా మోగింది. లిడియా గట్టిగా దగ్గింది. బయట ఎవరైనా విన్నారేమోనని చూస్తే, యశోదమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పులు వెతుక్కుంటోంది.

సోమవారం యశోదమ్మ పెరటి వాకిట్లోకి వచ్చింది.

"రేషను బండి రాలేదమ్మా ఈ తూరి. డ్రమ్ములోంచి ఒక పడి ముందుగా ఇస్తివంటే, నెల కడాకు తగ్గించుకుందువు."

పడి అంటే రెండు గ్లాసుల పైమాట. నడిమింటి తలుపు లిడియా వీపు వెనకే ఉంది. చెయ్యి వెనక్కి చాచితే చాలు.

"డ్రమ్ములో లేవవ్వా."

"నిన్న పోసినవి?"

"అవెంత? పిడికెళ్ళు."

"శనివారం చెరిగేదానికి తీసకపోతివే, అవి?"

లిడియా పని దొంగకు తేలు కుట్టినట్టు అయింది. ఏదో ఒకటి చెప్పాలనుకునే లోపలే భయంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యశోదమ్మ ఆమెను చూసింది. మూసిన కిటికీలను చూసింది. పొయ్యిమీద ఒంటరిగా ఉన్న సంగటి కుండను, రోట్లో మిగిలిన ఊరిబిండిని, పట్టపగలు చాపమీద వెల్లకిలా పడుకున్న శాలేము రాజును చూసింది.

"సరేలే అమ్మా" అంది మెల్లగా. "నేను అడగలేదనుకో."

ఆ మెల్లదనమే లిడియాను చంపింది. యశోదమ్మ అరిచి ఉంటే బాగుండేది. ఆమెకు తెలిసిపోయింది, ఇక వీధంతా తెలిసిపోతుంది. ఇంటికి దొంగ అనే పేరు వస్తుంది, తాళంచెవి అడిగి తీసుకుంటారు. అంతకంటే ముందు, ఆ ముసలామె ఈ పూట ఏం వండుకుంటుంది? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా లిడియా లేచి ఏదో ఒక పని పెట్టుకుంది. ఒక పడి తీసుకుపోయి ఆమె గుడిసె ముందు పెట్టి వచ్చేయాలని ఒకటికి రెండుసార్లు అనుకుంది. పెడితే, లేవన్నది అబద్ధమని తేలిపోతుంది. ఆమె పోలేదు.

మంగళవారం నుంచి కొళాయి దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆమెను చూడగానే ఆగిపోయాయి. సంగీత అనే ఆమె తన బిందె పక్కకు జరిపి "నువ్వు పట్టుకో మే ముందు" అంది. సంగీత ఎవరికీ వంతు వదిలే మనిషి కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, లిడియా నీళ్ళు పట్టకుండానే ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం, సరుకు తెచ్చాక మొదటిసారి అన్నం వండింది. మంచి బియ్యం నిలవ ఉండాలి కాబట్టి, ముందు డ్రమ్ము బియ్యం వాడింది. శాలేము రాజు రెండు ముద్దలు తిని, మూడోది కంచంలో విదిలించి చూశాడు.

"ఏంది మే ఇది? ఒక మెతుకు మెత్తగుండాది, ఇంకోటి పలుగ్గుండాది."

లిడియా అతని గ్లాసులో నీళ్ళు పోసింది.

"ఇన్ని రకాల బియ్యం ఒక గిన్నెలో యాడుంటాయి?" అని, అతనే ఆగిపోయాడు. భార్య ముఖం చూశాడు. "ఇవి చర్చి బియ్యం కదా."

"తిరిగి పోసేస్తా. మనవే మంచివి పోసేస్తా."

"కంచే చేను మేస్తే ఎవురితో చెప్పుకునేది" అన్నాడు అతను. కోపంగా కూడా అనలేదు. కంచంలోనే చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. ఆ అన్నం పారేయడానికి లిడియాకు చేతులు రాలేదు. చివరకు కూచొని ఒక్కో మెతుకే తినేసింది. తింటున్నంతసేపూ ఇది ఎవరింటి గింజ, ఇది ఎవరింటి గింజ అనిపించింది.

బుధవారం సాయంత్రానికి సమ్మె లేదన్నారు. అసలు మొదలే కాలేదన్నారు. అంగళ్ళ ముందు లారీలు దిగాయి. కందిపప్పు ఎప్పటి ధరకు వచ్చింది. బీనాకు ఫోన్ చేస్తే, "ఎవురో పంపిస్తే నేనూ పంపిస్తినే. ఇప్పుడు నా ఇంట్లో ఉప్పు నడుమెత్తు ఉండాది, ఏం చేసేదో చెప్పు" అని పగలబడి నవ్వింది. లిడియా నవ్వలేకపోయింది. శాలేము రాజు గురువారం తెల్లవారకముందే మదనపల్లెకు బండి తోలడానికి పోతూ, "నేను వచ్చేలోగా నీ అంగడి సర్దు" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున లిడియా డ్రమ్ము బియ్యం గోతాములు ముందేసుకొని కూచుంది. తామిద్దరూ తిన్నంత మేర తన మంచి బియ్యం పోసి చేత్తో కలుపుతోంది. ఎంత కలిపినా కొత్త గింజలు తెల్లగా పైకి తేలుతున్నాయి. అప్పుడు పెరటి తలుపు చప్పుడైంది. గోతాములమీద దుప్పటి కప్పి, నడిమింటి తలుపు లాగి, వచ్చి తీసింది.

యశోదమ్మ, నెత్తిన మూటతో.

"దించు మా, మెడ ఇరిగిపోతాండాది."

లిడియా మూట దించింది. బరువుగానే ఉంది. "ఏందవ్వా ఇది?"

"బియ్యం. మూటలో ఇంకేముంటాది, బంగారమా? మెల్లగా మాట్లాడు, సుమలత ఇంట్లోనే ఉండాది." యశోదమ్మ గడపమీద కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. "పేరు సెప్పలేదులే. నా నోరు పెద్దదైనా ఆ మాత్రం తెలివుండాది. ఒక ఇల్లుండాది, అడిగేదానికి సిగ్గుపడతాండారు, తలా ఇంత పెట్టండి అన్నా. అంతే."

"ఏ ఇల్లు?"

యశోదమ్మ చంటిపిల్లను చూసినట్టు చూసింది.

"నాకాడ కూడానా అమ్మా? డ్రమ్ము బియ్యం నువ్వు తీసకపోతాంటే చెరిగేదానికే అనుకున్నా. సోమవారం వచ్చి అడిగితే నీ కండ్లలో నీళ్ళు. అప్పుడు తెలిసె. రాజు బండి నిలిసిపోయె. కిటికీ తీయరు, ఇంట్లో ఉండీ వాకిలికి తాళమేసుకుంటారు, పోపు వాసన లేదు. సుమలత పప్పుకు వస్తే సంగటి తింటాండామంటివంట. ఇవన్నీ నాకు తెల్దా? నా మొగుడు పోయిన ఏడాది నేనూ ఇట్లే ఉన్నా. ఇంట్లో లేకుంటే మొదట మూసుకునేది తలుపే."

"అవ్వా..."

"డ్రమ్ములోది తీసుకున్నానని కుమిలిపోవద్దు. అది లేనోళ్ళదే కదా. లేక తీసుకున్నావు. ఎన్నేండ్లుగా నేను తినలేదా?" ఆమె గొంతు తగ్గించింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "నిజం సెప్పనా? అడగతాంటే నాకు బలే సంతోసంగా ఉండె. ఎప్పుడూ నాకోసమే కదా అడిగేది, గొంతు కిందికి పోతాది. ఈ తూరి ఇంకొకరి కోసం. గొంతు ఎట్ల లేసిందో సూడాల నువ్వు. ఆ సంగీత ఇంటికి కూడా పోయినా."

కొళాయి దగ్గర సంగీత అన్న ఏదో మాటకు, చచ్చినా నీ గడప తొక్కనని యశోదమ్మ ఒట్టు పెట్టుకున్న సంగతి వీధంతటికీ తెలుసు.

"పోయి, సంగీతా, నాకు గాదు, పెట్టు అన్నా. పెట్టింది. కాఫీ కూడా ఇచ్చింది దొంగముండ."

లిడియా మూట ముడి విప్పింది. రకరకాల బియ్యం. ఆదివారం నిమ్మకాయంత మూటలు తెచ్చిన ఇళ్ళే ఇవి. పైన చిన్న గుడ్డలో వేరుగా కట్టిన కందిపప్పు ఉంది.

"అది సుమలతది. యాడో తిరిగి తెచ్చుకున్నదాంట్లో సగం. ఎవురికని నేను సెప్పలేదు, ఆయమ్మ అడగలేదు."

ఆ మూట తీసి లోపల పెట్టుకుంటే అయిపోయేది. రేపు డ్రమ్ము నిండుతుంది, తాళంచెవి తనకాడే ఉంటుంది, ముసలామె సంతోషం ముసలామెకు ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. లిడియాకు ఇదంతా ఒక్క గుక్కలో తట్టింది, ఇంత సులువుగా తట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. యశోదమ్మ మణికట్టు పట్టుకొని లేపింది.

"యాడికి మా?"

నడిమింటి తలుపు తోసి, లైటు వేసింది.

యశోదమ్మ లోపలికి పోయి మూటలను ఒక్కొక్కటిగా చేత్తో తాకింది. నూనె డబ్బాలను, ఆముదం పట్టిన పప్పును, కొవ్వొత్తుల పెట్టెను చూసింది.

"ఎవురివి ఇవన్నీ?"

"మావే అవ్వా."

"ఎప్పుడు తెచ్చినారు?"

"పోయిన గురువారం."

"అంటే నేను వచ్చిన దినం..."

"ఉండాయవ్వా. ఈడే ఉండాయి."

యశోదమ్మ ఒక మూటమీద కూచుంది. కూచున్నదే, అది ఏమిటో గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది.

"ఆ దినం నేను నీళ్ళు తాగి పడుకున్నా తెలుసా? ఆకలి కూడా తెలీలేదు. అయ్యో, లిడియమ్మ ఇంట్లో కూడా లేకపాయనే అనుకుంటా పడుకున్నా."

లిడియా గోడకు ఆనుకుంది. తిట్టమని అడగాలనిపించింది, అడిగే మొహం కూడా లేదు. ఇన్నాళ్ళూ దొంగ అంటారేమోనని భయపడింది. అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

"నేనిప్పుడు వాళ్ళకేం సెప్పేది?" అంది యశోదమ్మ. గొంతు పెరిగింది. "లేదంటే లేదని నమ్మి పెట్టినారే! ఆ సంగీత ముందర నా తల యాడ పెట్టుకునేది? ఇంగ ఎవురి కోసమైనా నేను అడిగితే నమ్ముతారా?"

"నేను చెప్తానవ్వా."

"నువ్వా?"

"నేనే."

యశోదమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎత్తుకో అయితే."

లిడియా మూట బిగించి తన నెత్తిన పెట్టుకుంది. పెరటి సందులోంచి తిరిగి వీధిలోకి వచ్చారు. పూలమ్మేవాడు పోతున్నాడు, పిల్లలు బడికి పోతున్నారు. లిడియా ముందు, యశోదమ్మ కుంటుకుంటూ వెనక. సంగీత తన వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఇద్దరినీ, మూటనూ చూసి, బూడిద చేతులతోనే లేచింది.

లిడియా మూట దించలేదు. దించితే మాట ఆగిపోతుందనిపించింది.

"అక్కా, అవ్వ బియ్యం అడిగింది మా ఇంటి కోసమే. ఇది తిరిగి తీసుకో. మాకు ఉండాయి. చర్చి డ్రమ్ములో బియ్యం కూడా నేనే ఇంటికి తీసకపోయినా. లేక కాదు. ఉండీ తీసుకున్నా. అవ్వ అడిగితే లేవన్నా."

సంగీత కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నాకు తెలుసులే మే. ఎవురూ చెప్పకపోయినా తెలుసు. ఉండాయనే అంటారు లేనోళ్ళందరూ. మా అమ్మ గూడా అట్లే అనేది, గంజి తాగి ఎండు మూతి తుడుచుకోని." ఆమె గబగబా లోపలికి పోయి, నిండా బియ్యం పోసిన గ్లాసుతో వచ్చింది. "ఇదీ పెట్టుకో. రాజన్న పనికి పోయినా జీతం చేతికి వచ్చేదానికి కొన్నాళ్ళు పడతాది కదా. సిగ్గుపడద్దు."

లిడియా దిక్కుతోచక యశోదమ్మ వైపు చూసింది.

"నన్ను సూడద్దు" అంది యశోదమ్మ. "నేను సెప్పినా నమ్మదు. కంటితో సూసేదాకా నేనే నమ్మలేదు."

గోడ మీదుగా సుమలత తల కనపడింది. ఏమైందని అడుగుతూ ఆమె కూడా వీధిలోకి వచ్చింది. లిడియా సుమలత కళ్ళలోకి చూడబోయి, చూడలేక, మళ్ళీ చూసింది.

"రండక్కా" అంది. "ఇద్దరూ రండి. మా ఇల్లు చూద్దురుగాని."

తన వాకిట్లో అరుగుమీద మూట దించి, కొంగు ముడిలోంచి వీధి తలుపు తాళంచెవి తీసింది. తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, లోపలికి పోయి నడిమింటి తలుపు కూడా తీసి, వాళ్ళకు అడ్డం కాకుండా గోడవారకు జరిగి నిలబడింది. సంగీత చెప్పులు బయట విడిచి, బియ్యం ఒలకకుండా గ్లాసుమీద అరచెయ్యి కప్పుకొని, ముందుగా లోపలికి అడుగుపెట్టింది.